మూడో మైకులో పిట్ట

స్కాట్లండ్‌లో ఒక దీవి మీద తెల్లవారుజామున పట్టిన రికార్డులో, పిట్ట అరుపు వెనకాల, మోహింగా అమ్మే ఆవిడ కేక వినబడింది. ప్రమోద కొత్త హెడ్‌ఫోన్లను రెండు చేతులా చెవులకు అదుముకుని మళ్ళీ వింది. ముందు గాలి, తరువాత గడ్డి ఊగుతున్న సవ్వడి, తరువాత ఆ గరుకు అరుపు జంటజంటగా, క్రెక్ క్రెక్, క్రెక్ క్రెక్, దాని అడుగున ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు సాగదీసిన పిలుపు, మోహింగా...ఆ... పొరపాటు పడడానికి లేదు, ఆ చివరి దీర్ఘం రంగూన్‌లోని ఈ లమ్మడా పేట మొత్తానికి ఒక్క గొంతుదే. రోజూ పొద్దున చేపల పులుసు కుండా సేమ్యా బుట్టా కావడిలో వేసుకుని ఈ వీధిలోనే తిరుగుతుంది, పై అంతస్తుల వాళ్ళు తాడుకు గిన్నె కట్టి దింపితే నింపి పంపుతుంది. ఆవిడ అట్లాంటిక్ సముద్రం ఒడ్డుకు ఎప్పుడు వెళ్ళినట్టు? పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఒంటిగంటకు అదీ ఆగిపోతుంది, కరెంటు వంతు అంతవరకే, ఆ లోపల అవునో కాదో చెప్పాలి.

కంగారు పడకు, ఆలోచించు, అనుకుంది, పదో తరగతి పిల్లలకు పటం ముందు నిలబెట్టి చెప్పినట్టుగానే. కానీ ఆ బడి మూతపడి చాలాకాలమైంది, ఆ పటం చుట్ట చుట్టి బీరువా మీద పడి ఉంది, దాని మీద ఆ దీవి చుక్కంత కూడా లేదు. చెట్లు లేని దీవి. అక్కడి పిట్టలన్నిటినీ లెక్కకెక్కించాలని అక్కడివాళ్ళు గట్ల మీదా రాళ్ళ సందుల్లోనూ మైకులు పాతారు, ఆ మైకులు పట్టిన రాత్రులూ తెల్లవారుజాములూ ఇంటర్నెట్‌లో ఇంత పొడుగు ఫైళ్ళుగా వచ్చి ఆమె లాప్‌టాప్‌లో పడతాయి, ఏ నిమిషంలో ఏ పిట్ట పలికిందో ఆమె విని గుర్తుపెట్టాలి. మొదట్లో అన్నీ ఒకటే కిచకిచ. తరువాత ఒక్కొక్కటీ విడివడ్డాయి. ఆకాశంలోకి పాడుకుంటూ ఎగిరిపోయే భరతపక్షి, ఎవరో తరుముతున్నట్టు అరిచే తీతువు. తీతువు వినబడ్డప్పుడల్లా మావయ్య సత్తిరాజు కుర్చీలోంచే, "అపశకునం పిట్టమ్మా, దాన్ని రాయకు" అనేవాడు. రాయక తప్పదు మావయ్యా, అక్కడివాళ్ళకు అది మంచి పిట్టేనట. "ఆళ్ళ కరమ" అని నవ్వేవాడు. ఇప్పుడు నవ్వడం లేదు. కిటికీ పక్క కుర్చీలో, ఒళ్ళో తువ్వాలు మూటతో, గడ్డం ఛాతీకి ఆనించి కూర్చున్నాడు, పొరలు కమ్మిన కళ్ళు ఇటే తిరిగి ఉన్నాయి, నిద్రో మెలకువో తెలియదు.

మోహింగా కేక ఎలా వచ్చిందో ఆమెకు తెలుసు, తెలియనిది మిగతాది. వీధిలో "మీ లా బ్యీ!" అని పిల్లలు కరెంటొచ్చిన కేక వేయగానే ఈ మేడలో ఎవరూ కూర్చోరు. మోటారు వేసి నీళ్ళ డ్రమ్ములు నింపాలి, అన్నం కుక్కరు పెట్టాలి, ఇస్త్రీ చేయాలి, ఫోన్లన్నీ చార్జింగుకు గుచ్చాలి. చెవులు పెట్టుకుని పిట్టల్ని వినే తీరికెక్కడిది? అందుకే ప్రమోద ఒక ఉపాయం కనిపెట్టింది. లాప్‌టాప్‌లో ఫైలును గట్టిగా మోగనిచ్చి, దాని నోటి దగ్గర ఫోను పెట్టి అందులో రికార్డు నొక్కి, తాను నీళ్ళకు దిగిపోతుంది. కరెంటు పోయాక, లాప్‌టాప్ చచ్చాక, ఆ చీకటి గదిలో ఫోనులో తీరిగ్గా వింటుంది. దాంతో ఇంటి చప్పుళ్ళు కొన్ని దీవిలోకి చొరబడుతుంటాయి, కుక్కరు కూత, కాకి, బల్లి. వాటిని ఏరేయడం ఆమెకు అలవాటే. ఈ ముక్కను మొదట విన్న రోజు మాత్రం బయటి వాన హోరులో ఏరలేకపోయింది. ఆ రోజు ఆ క్రెక్ క్రెక్ వినబడేసరికి ప్రాణం లేచివచ్చి, ముక్క కత్తిరించి ఫోనులోంచే పంపేసింది. కార్న్‌క్రేక్. గడ్డిలో నక్కి ఉంటుంది, కంటికి కనబడదు, అరుపే దాని ఆనవాలు, ఆ దీవిలో ఒక తరం నుంచీ దాన్ని విన్నవాళ్ళు లేరు. అక్కడ ఈ లెక్కలు చూసే మోరాగ్ అనే ఆవిడ జవాబులో అన్నీ ఆశ్చర్యార్థకాలే. వెనకాల మనిషి కేక కూడా ఉంది, మర్డో కుక్కను పిలుస్తున్నట్టున్నాడు అని రాసింది. ఆ రోజు ప్రమోద ఆ వాక్యాన్ని చదివి దాటేసింది. ఎందుకు దాటేశావు? సంతోషం, ఇంకేముంది, సంతోషంలో మనిషికి చెవులు పనిచేయవు.

మర్డో. ముసలాయన, ఒంటరివాడు, ఈ అరుపు పట్టిన మూడో మైకు ఉన్న గడ్డిభూమి ఆయనది. పిట్ట గూడు పెట్టి ఉంటుందని ఇన్నాళ్ళూ గడ్డి కోయకుండా ఆగాడు. అక్కడ ఎండ అంటే పండగట, ఇవాళా రేపూ ఉంటుందట, ఆ పైన వారమంతా వానేనట. ఈ పొద్దున మోరాగ్ రాసిన మాటలు ప్రమోదకు కంఠతా వచ్చేశాయి. మర్డో టీ తాగి ట్రాక్టరు తీస్తాడు, ఇవాళ కోయకపోతే గడ్డి నేలమీదే కుళ్ళుతుంది, చలికాలానికి గొర్రెలకు మేత ఉండదు. అయినా పిట్ట ఉందని నువ్వు మరొక్కసారి విని చెబితే ఆయన కోయనంటున్నాడు. నీ మాట చాలంటున్నాడు. నీ మాట చాలు. ఈ ఊళ్ళో ఈ మధ్యకాలంలో ఎవరూ ఎవరితోనూ అనని మాట అది. వీధి చివర తనిఖీలో బ్యాగు తెరిచి చూపించాలి, బ్యాంకులో మూడుసార్లు సంతకం పెట్టాలి, పక్కింటివాళ్ళతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించాలి, ఎక్కడో భూమికి ఆ చివర ముఖం తెలియని ఒక రైతు మాత్రం రంగూన్‌లో ప్రమోద చెప్పిందా, అయితే సరే అంటున్నాడు. అక్కడ ఇప్పుడు పొద్దున్నే. టీ మరుగుతూ ఉంటుంది.

అరుపు దీవిదే కావచ్చు, కేక ఒక్కటే వీధిది కావచ్చు. రెండూ కలిసి ఫోనులో పడి ఉండొచ్చు, పాలూ నీళ్ళూ కలిసినట్టు. తేలాలంటే అసలు ఫైలు వినాలి, అసలు ఫైలును చోటు చాలక లాప్‌టాప్‌లోంచి తుడిచేసింది. మళ్ళీ దింపుతోంది. తెర మీద నీలం గీత చీమలా పాకుతోంది, సగం కూడా రాలేదు, ఆగింది, మళ్ళీ కదిలింది. గీతను చూడకూడదు, చూస్తే ఆగుతుంది, పాలు చూస్తుంటే పొంగవు. ప్రమోద లేచి వంటింట్లోకి వెళ్ళింది, ఎందుకు వచ్చిందో మరిచి గ్లాసు కడిగింది, కడిగిన గ్లాసే మళ్ళీ కడిగింది. ఫోను మోగింది. మొగుడు ఆంజనేయప్రసాద్, మింగళాడోన్‌లో విమానాల సరుకు గోదాం నుంచి.

"ఏటి, పంపీసినావా?"

"ఇంకా లేదు. ఫైలు దిగుతోంది."

"ఇన్నావు కదా ఒకసారి, మళ్ళా ఇనడమేటి? పిట్టేమన్నా మాట మారుస్తాదేటి?"

"దాని వెనకాల మోహింగా ఆవిడ గొంతుందండీ."

అవతల విమానం లేచిన మోత. అది పోనిచ్చి, "అయితే ఆళ్ళకి ఆకలేసుంటాది," అని తనే నవ్వి, నవ్వు అతకక ఆపేశాడు. "ప్రమోదా, మందిరంలో అందరికీ చెప్పీసాను. ఢిల్లేశ్వరరావు బాబాయి భజన మధ్యలో మైకట్టుకుని మరీ చెప్పీసినాడు, మన తెలుగింటి కోడలు స్కాట్లండోల్లకి లేని పిట్టని చూపించినాదని. ఇప్పుడు నేదంటే ఏటనుకుంటారు? అవునని పంపీ. అక్కడికెల్లి ఎవులు చూడొచ్చారు?"

"మర్డో గడ్డి."

"ఏ మర్డో?" అన్నాడాయన. ఫోను కట్టయింది, సిగ్నలే కట్టు చేసిందో ఆయనే పెట్టేశాడో. ఎవరు చూడొచ్చారు. నిజమే, ఎవరూ చూడరు, గడ్డిలో నక్కే పిట్ట, కనబడకపోవడమే దాని గుణం. అవును అని ఒక్క మాట రాస్తే ఆ దీవి పుస్తకంలో కార్న్‌క్రేక్ పక్కన ఆమె పేరు అచ్చవుతుంది, ప్రమోద, రంగూన్, ఎన్నేళ్ళకైనా అది అక్కడే ఉంటుంది. బడిలో హాజరు పట్టీలో ఉన్న పేరు బడితోపాటే పోయింది, ఇంటి కాగితాల్లో మామగారి పేరు, మొగుడి పేరు. ఈ ఒక్కచోట ఆమె చెవి పేరు. నాకు ఆ పిట్ట ఉండాలి, అనుకుంది, ఉందో లేదో కాదు, ఉండాలి. ఆ మాట పైకి అనేసిందేమోనని ఉలిక్కిపడి కుర్చీ వైపు చూసింది. మావయ్య కదల్లేదు. తువ్వాలు మాత్రం ఒళ్ళో ఇంకా గట్టిగా ముడుచుకున్నాడు.

గీత సగం దాటింది. రెండు మేడల మధ్య గాలికి వదిలిన గాలిగూటి అవతల కిటికీలో పక్కింటి ముసలావిడ డా టిన్ మే రాతి పలక కడుగుతోంది, ఆ పలక మీదే కదూ రోజూ ముఖానికి గంధంలా పూసుకునే థనకా చెక్క అరగదీస్తుంది, గరగరమంటూ! ప్రమోద చటుక్కున కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఆ క్రెక్ క్రెక్ ఇదేనేమో. ఇదే అయి ఉండాలి. కిటికీ ఊచలు పట్టుకుని బర్మీస్‌లో పిలిచింది. "డా టిన్ మే! ఒక్కసారి ఆ చెక్క అరగదీస్తారా?"

"వానపట్టిన రోజున థనకా ఎవరికోసం పూసుకోను, మా ప్రమోదా? నాకేమైనా పెళ్ళిచూపులా?"

"నాకోసం. చప్పుడు వినాలి."

"ఆ దీవి వాళ్ళు నీకు పిచ్చెక్కించారు," అంటూనే ఆ ముసలావిడ రెండు చుక్కల నీళ్ళు వేసి చెక్క తిప్పింది. స్ర్... స్ర్... మెత్తగా, తడిగా, గుండ్రంగా. పిల్లి నాకినట్టుంది. ఈ చప్పుడు గాలిగూడు దాటి లాప్‌టాప్ దాకా రాదు. "చాలా?" అని అడిగింది డా టిన్ మే, ముద్ద ఎలాగూ తీశానుగా అని బుగ్గలకు పూసేసుకుంది. ప్రమోద నవ్వలేకపోయింది. కాకపోతే మరేది? బల్లి కాదు, మోటారు కాదు. ఆ పొద్దున తాను కింద నీళ్ళ దగ్గర ఉంది. మొగుడు బస్సెక్కి వెళ్ళిపోయాడు. గదిలో ఎవరున్నారు? గదిలో ఎవరున్నారో ఆమెకు తెలుసు, మోహింగా కేక విన్న క్షణం నుంచీ తెలుసు, తెలిసిన దాని చుట్టూ తిరుగుతోంది, నిప్పు చుట్టూ తిరిగినట్టు, దగ్గరికి పోకుండా.

మావయ్య ఎందుకు చేస్తాడు? చేయడు. మెట్లు దిగలేని మనిషి, కళ్ళ ఆపరేషన్ వికటించాక నది ఒడ్డుకు తీసుకెళ్ళేవాళ్ళు లేక కుర్చీకి అతుక్కుపోయిన మనిషి. ఫైలు మోగినంతసేపూ లాప్‌టాప్ పక్కనే కూర్చుంటాడు, పిట్టలకోసం కాదు. మూడో మైకు సముద్రానికి దగ్గర. పిట్టలు తక్కువ, అల ఎక్కువ. "అది పెట్టమ్మా, మూడోది" అనేవాడు. ఆయన తండ్రి భీమునిపట్నంలో ఓడెక్కి ఈ ఊరి జెట్టీలో బస్తాలు మోయడానికి దిగాడట, ఆ సముద్రం ఎలా ఉంటుంది నాన్నా అంటే, "రాత్రంతా మూలుగుతాది" అనేవాడట, అంతకు మించి చెప్పేవాడు కాదట. మూడో మైకు మొదటిసారి మోగినప్పుడు సత్తిరాజు తల పక్కకు వంచి, చాలాసేపు విని, "ఔనొలే, మూలుగుతాంది" అన్నాడు. అంతే. ఆ తరువాత అన్నం ముందు ఒకనాడు తాను అనలేదూ, మూడో మైకులో ఏమీ పలకడం లేదు మావయ్యా, ఆ కార్న్‌క్రేక్ కోసం పెట్టారు, అది లేదు, తీసేసి కొండ మీదికి మారుస్తారట, అని? మజ్జిగ పోస్తూ అంది. ఆయన ముద్ద ఆపి, "అయితే సముద్రం ఇనపడదేటి?" అని అడిగాడు. తాను జవాబు చెప్పిందా? చెప్పలేదు. కరెంటొచ్చిందని కేక వినబడితే లేచి పరుగెత్తింది. గిన్నెలో మజ్జిగ అలాగే ఉంది. ఆ మర్నాడా, ఆ పై రోజా, క్రెక్ క్రెక్.

అప్పుడు గీత చివరికంటా వచ్చి ఆగింది. ఫైలు దిగింది. ప్రమోద హెడ్‌ఫోన్లు తగిలించుకోలేదు, తీగ పీకేసి లాప్‌టాప్‌నే మోగనిచ్చింది, ఎందుకో ఆయన కూడా వినాలనిపించింది. గుర్తుపెట్టిన నిమిషం దగ్గరికి జరిపింది. గాలి. గడ్డి. గాలి. దూరంగా ఒక తీతువు, ఎవరో తరుముతున్నట్టు. అల వచ్చింది, రాళ్ళ మీద పగిలింది, వెనక్కి ఈడ్చుకుంటూ పోయింది. పిట్ట పలకవలసిన చోట పిట్ట లేదు. ఆమె వెనక్కి జరిపి మళ్ళీ వింది, ముందుకు జరిపి వింది, ఆ తెల్లవారుజాము మొత్తం అల తరువాత అల తరువాత అల. ఏ గరుకు గొంతూ లేదు. ఎప్పుడూ లేదు. ఆమెకు ఏడుపు రాలేదు, వస్తే బాగుండుననిపించింది. ఫ్యాను రెండు చుట్లు నీరసంగా తిరిగి ఆగింది. కింద వీధిలో ఇస్త్రీలూ టీవీలూ మోటార్లూ ఒక్కసారిగా చచ్చి, మేడ మొత్తం ఉస్సురుమంది. లాప్‌టాప్ తెర కూడా ఆరిపోయింది, దాని బ్యాటరీ ఏనాడో పోయింది. అల మధ్యలో తెగింది.

ఆ నిశ్శబ్దంలో సత్తిరాజు తువ్వాలు విప్పాడు. లోపల అత్తయ్య మంగాయమ్మ కొమ్ము దువ్వెన, పళ్ళు దగ్గరదగ్గరగా, సగం అరిగినది. అత్తయ్య పోయాక అద్దం వెనక ఉండేది. ఎప్పుడు తీసుకున్నాడో.

"అసలుది దొరికిపోనాదేటమ్మా?"

"దొరికింది మావయ్యా."

"నేదు కదా."

"లేదు."

ఆయన తలాడించాడు. ప్రమోద ఫోను చేతిలోకి తీసుకుంది, పిట్ట లేదు అని రాయబోయింది, ఇంకో నాలుగు మాటలు, పొరపాటు నాదే, యంత్రం తప్పు, వాన తప్పు. వేళ్ళు ఆగాయి. ఎన్ని అబద్ధాలు మళ్ళీ. ఆయన ఆ వేళ్ళ చప్పుడు ఆగడం విన్నాడు. "దేనికి రాస్తావు? నాను సెప్తాను. ఆయనకే సెప్తాను. ఇటియ్యి," అని చెయ్యి చాపాడు. ఆమె కుర్చీ పక్క నేల మీద కూర్చుని రికార్డు నొక్కి, ఫోను ఆయన నోటి దగ్గర పెట్టింది, లాప్‌టాప్ నోటి దగ్గర పెట్టినట్టే.

"మాటాడొచ్చా? ... బాబూ మర్డో, నాను సత్తిరాజుని. ప్రమోద మావని. రంగూన్ నుంచి మాటాడతన్నాను. నా మాట నీకు తెలీదు, నా కోడలు కింద ఇంగ్లీసులో రాసి పంపుతాది. నీ గడ్డిలో పిట్ట నేదు బాబూ. ఆ కూసింది నాను. మా ఇంటిదాని దువ్వెన మీద గోరు పెట్టి గీసినాను. నా కోడలు నీళ్ళకెల్లినప్పుడు సేసినాను, ఆ పిల్లకి తెలీదు, దాన్నేటీ అనకండి. పిట్ట కూత ఎలాగుంటదో మీరే పంపినారు కదా, దినమూ ఇనేది, నానూ ఇన్నాను. నాకా ఇద్య పాతదే. ఈడులో ఉన్నప్పుడు ఈ ఊరి చివర తాకేటా పక్క అంతా వరిసేలే. వెదురు దువ్వెన గీసి నీటికోళ్ళని పిలిసీవోడిని. తమ జాతిదే పిలిసిందనుకుని గట్టెక్కి వచ్చీవి. వచ్చినదాన్ని వలేసి పట్టీవోళ్ళం. ఇన్నాళ్ళకి మళ్ళా గీసినాను, నమ్మి నువ్వొచ్చినావు. పిట్ట ఉందంటే మూడో మైకు ఉంచుతారనుకున్నాను గాని, దానికోసరం ఒకడు తన పంట ఆపుకుంటాడని నాకు తోచనేదు. మా బాబు దాటొచ్చిన సముద్రం నాను సూడనేదు. నీ మైకులోనే ఇన్నాను. ఆ ఆశకి సేసినాను, మరేటీ కాదు. గొర్రెల నోటికాడ మేత తీసినాను. తప్పు నాదే. మైకు మీదే, తీసీసుకోండి, నాను అడగను. ఎండగా ఉందంట కదా, ఎల్లి గడ్డి కోసుకో. ఒక్కటే బాబూ. ఇయాల కోసినంతసేపు దాన్ని తియ్యకు. సముద్రమెలాగూ ఇన్నాను. నీ గడ్డి కోసిన సప్పుడు కూడా ఒకసారి ఇని, అప్పుడు మానెత్తాను."